అండమాన్ తేమలో తడి బట్టలు ఆరబెట్టే పద్ధతి

అండమాన్ యాత్రలో మా దంపతులను అన్నిటికంటే ఎక్కువగా విసిగించినవి తడి బట్టలు. స్వరాజ్ ద్వీపంలోని రాధానగర్ తీరంలో సాయంత్రం సముద్ర స్నానం చేసి వచ్చి గదిలో ఆరవేసిన చొక్కా, గాలిలోని తేమ వల్ల మరునాడు ఓడ ఎక్కే వేళకు కూడా చెమ్మగానే ఉండేది.

సముద్రంలో తడిసిన బట్టలను ముందుగా 2 సార్లు మంచినీటిలో జాడించాలి. ఉప్పు మిగిలితే అది తేమను పీల్చుకొని బట్టను ఆరనివ్వదు. చేతితో పిండిన తరువాత, మంచంపై పొడి తువ్వాలు పరచి, దానిపై 2 పలుచని బట్టలను మడత లేకుండా వేసి, చాపలా చుట్టి, ఒక కొసను భార్య, మరొక కొసను భర్త పట్టుకొని వ్యతిరేక దిశల్లో అర నిమిషం మెలిపెట్టాలి. మొదటి రోజు మా ఆవిడ బలాన్ని తక్కువగా అంచనా వేసి నేను మంచంపై బోర్లా పడ్డాను కనుక, కాళ్లు కాస్త ఎడంగా పెట్టి నిలబడడం మంచిది. అటుపై బట్టలను ఒకదానికొకటి తగలకుండా ఫ్యాను కింద వేలాడదీస్తే తెల్లవారేసరికి ఆరిపోతాయి.

జీన్సు ప్యాంట్లకు, పట్టు బట్టలకు ఈ పద్ధతి పనికిరాదు. రంగు వదిలే కొత్త నూలు బట్టలకైతే హోటలు వారి తెల్ల తువ్వాలును కాక, సొంత పాత తువ్వాలునే వాడాలి.