వెంచర్ మధ్యలో నుంచి ఊరి నడకబాట: స్థలం రాయించుకోవడం ఎలా?

కర్నూలు శివారులో కేసీ కాలువ గట్టు కావచ్చు, కడపలో బుగ్గవంక, అనంతపురంలో నడిమివంక కావచ్చు. పొలాలు ప్లాట్లయ్యేటప్పుడు మొదట మాయమయ్యేది కాలిబాటే. "దారి వదుల్తాంలే అన్నా" అన్న మాట నమ్ముకుంటే ఏడాది తిరక్కుండానే అక్కడ ప్రహరీ లేస్తుంది. బాట నిలవాలంటే లేఅవుట్ ప్లానులో కొలతలతో ఉండాలి, రిజిస్టరైన దానపత్రంలో అవే కొలతలు రావాలి. ఒక్క ప్లాటు కూడా అమ్ముడుపోకముందే ఈ పని కావాలి.

ముందు కాగితాలు

ఆ సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ (సర్వే శాఖ గీసిన పొలం కొలతల పటం) నకలు తీసుకుని వంక (వాగు), రస్తా పోరంబోకు, అంటే వాగుకూ దారికీ వదిలిన ప్రభుత్వ భూమి హద్దులు ఎక్కడున్నాయో చూడండి. కొందరు రియల్టర్లు ఉదారంగా "ఇస్తాం" అనే స్థలం అసలు వాళ్లది కాదు, వంక పోరంబోకే. ప్రభుత్వ భూమిని ఇంకొకరు దానం చేయలేరు. అలాంటి చోట అడగాల్సింది దానం కాదు, హద్దు కొలిపించి రాళ్లు పాతించడం. పాత బండిదారి ఎఫ్‌ఎంబీలోనే గీసి ఉంటే మీ బలం రెట్టింపవుతుంది. 20 ఏళ్లుగా అడ్డులేకుండా నడిచిన దారికి 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టంలో హక్కు ఉంది కానీ, దాన్ని నిరూపించడానికి కోర్టు మెట్లెక్కాలి. మాటల్లో పని జరిగితే అదే మేలు.

ఈసీ (భూమి మీద అమ్మకాలు, తనఖాలు చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు పత్రం) కూడా తీయించండి. భూమి బ్యాంకు తనఖాలో ఉంటే బాట మేరకు విడుదల పత్రం కావాలి. భూమి కొనకుండా, రైతుతో డెవలప్‌మెంట్ అగ్రిమెంటు మీద వెంచర్ వేస్తుంటే హక్కుదారులు రైతు కుటుంబమే. వాళ్లు రియల్టర్‌కు ఇచ్చిన జీపీఏలో (తమ తరఫున సంతకం చేసే అధికార పత్రం) దానం చేసే అధికారం రాసి లేకపోతే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరూ సంతకం పెట్టాలి. ఒక్కరు మిగిలిపోయినా తర్వాత తగాదా వస్తుంది.

లెక్క వేసుకుని వెళ్లండి

ఉదాహరణకు 5 ఎకరాల వెంచర్ అంటే 24,200 గజాలు. లేఅవుట్ నిబంధనల ప్రకారం ఖాళీ స్థలం కింద వదలాల్సిన 10 శాతం 2,420 గజాలు. బాట 12 అడుగుల వెడల్పు, 600 అడుగుల పొడవు అయితే 800 గజాలు, అంటే పదహారున్నర సెంట్లు. రియల్టర్ కళ్లకు అది 150 గజాల ప్లాట్లు ఐదు పోయినట్టే. ఆయన ముఖం మాడేది అక్కడే.

అందుకే మొదట వంక పక్క స్థలం అడగండి. నీటి వనరుల పక్కన ఎలాగూ కట్టడాలకు వీల్లేని బఫర్ వదలాలి. చెరువైతే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) నుంచి, 10 హెక్టార్లు దాటితే 30 మీటర్లు, తక్కువైతే 9 మీటర్లు. బాట అందులో పడితే ఆయనకు ఒక్క ప్లాటూ పోదు. అయితే మరీ నీటి అంచుకు పోవద్దు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కర్నూలును ముంచాయి, 2022 అక్టోబరులో నడిమివంక అనంతపురం కాలనీల్లోకి వచ్చింది. పాత వరద గుర్తుకు పైనే బాట ఉండేలా చూడండి. బాట 10 శాతంలోకి లెక్కకొస్తుందా, రాదా అనేది కుడా (కర్నూలు), అహుడా (అనంతపురం-హిందూపురం), అన్నమయ్య (కడప) అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీలు, వీటిలో మీ పరిధి ఏదైతే ఆ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. రాదంటే బేరం మొత్తం మారిపోతుంది.

బేరం

వదలకూడనివి మూడు: రెండు కొసలు, వెడల్పు, గేటు లేకపోవడం. మిగతావాటిలో పట్టు సడలించవచ్చు. మధ్యలో దారి కాస్త వంపు తిరిగినా ఒప్పుకోండి, కానీ అవతలి కొస పక్క సర్వే నంబరులోని దారికి కలవాల్సిందే. చాలా వెంచర్లలో బాట చివరి ప్లాటు గోడకు గుద్దుకుని ఆగిపోతుంది, రెండేళ్లకు చెత్తకుప్పవుతుంది. వెడల్పు 12 అడుగులంటే పక్క కాలువ కాక 12 అని రాయించండి. కాలువను, కరెంటు స్తంభాన్ని, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మెను అందులోనే పెట్టేస్తే మిగిలేది ఐదారు అడుగులే. నేల పని వాయిదాల మీదైనా ఫర్వాలేదు, స్థలం మాత్రం ఒకేసారి రావాలి.

దానపత్రం

స్థిరాస్తి దానం చెల్లాలంటే దాత సంతకం, ఇద్దరు సాక్షులు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. దాత బతికుండగానే స్వీకరించడమూ జరగాలి. పంచాయతీ లేదా మున్సిపాలిటీ తీర్మానం చేసి, స్వీకరిస్తున్నట్టు పత్రంలోనే రాయించండి. ప్లాట్ల సంఘం పేరుమీద రాస్తే ఒప్పుకోవద్దు. రేపు ఆ సంఘమే గేటు పెడుతుంది. షెడ్యూలులో నాలుగు హద్దులు, పొడవు, వెడల్పు, గజాలు, "ప్రజలందరి నడక, సైకిళ్ల కోసం, ఎల్లవేళలా తెరిచి ఉండాలి" అన్న వాక్యం, స్కెచ్చి ఉండాలి. తాత్కాలిక అనుమతి ప్లానులో బాటకు వేరే రంగు వేయించి, అదే స్కెచ్చిని దస్తావేజుకు జతచేయండి. తుది అనుమతి ప్లాను రాగానే రెండింటినీ పక్కపక్కన పెట్టి కొలతలు సరిచూడండి. మధ్యలో ఒక ప్లాటు "సర్దుబాటు" అయి బాట మూడడుగులు తగ్గేది సాధారణంగా ఇక్కడే.

నేల మీద

రిజిస్ట్రేషన్ అయిన వారంలోనే సర్వేయరుతో రెండు వైపులా హద్దురాళ్లు వేయించండి. వంపు ఉన్నచోట దగ్గరదగ్గరగా పడాలి. 6 అంగుళాల గరుసు పోసి, తడిపి రోలరు తొక్కిస్తే నడకకు చాలు. మధ్యలో కాస్త గుబ్బెత్తుగా ఉంటే నీళ్లు నిలవవు. కొసల్లో నాపరాయి కూసాలు 4 అడుగుల సందుతో పాతితే సైకిలు, చక్రాల కుర్చీ వెళ్తాయి, ఆటో దూరదు. మోటారు సైకిలు మాత్రం దూరుతుంది, దాన్ని ఏ రాయీ ఆపలేదు.