ఆర్క్ రిలే ఊరికే ట్రిప్ అవుతోందా? నా అనుభవం

ప్యానెల్ తలుపు తీసినప్పుడు కెమెరా ఫ్లాష్ పడితే చాలు, ఆర్క్ రిలే (ప్యానెల్ లోపల ఆర్క్, అంటే కరెంటు మెరుపు, పుడితే పసిగట్టి సప్లై కట్ చేయించే పరికరం) మెయిన్ బ్రేకర్‌ని ట్రిప్ చేసేసేది. సెన్సర్ మార్చాం, వెలుగుని రిలేకి మోసే ఫైబర్ తుడిచాం, సెన్సిటివిటీ తగ్గించాం, లాభం లేదు. అసలు సంగతేంటంటే, రిలే వెలుగు ఒక్కదాన్నే చూస్తోంది.

షట్‌డౌన్ తీసుకుని, లాక్ వేసి, సప్లై లేదని మూడు ఫేజుల మీదా చూసుకున్నాకే, కరెంటు కూడా రిలేకి తెలిసేలా సీటీ (కరెంటు కొలిచే ట్రాన్స్‌ఫార్మర్) వైర్లు రిలేకి కలిపాను (సీటీ సెకండరీ, అంటే రిలేకి వెళ్లే వైపు, ఓపెన్‌గా వదిలి ప్యానెల్ ఆన్ చేస్తే ప్రాణాల మీదికొస్తుంది, స్క్రూలు ఒక్కొక్కటీ లాగి చూడండి). తర్వాత వెలుగు, కరెంటు రెండూ ఉంటేనే ట్రిప్ అయ్యేలా పెట్టి, పికప్‌ని (రిలే స్పందించడం మొదలుపెట్టే కరెంటు విలువని) గరిష్ఠ లోడ్‌కి పైన, కనీస ఆర్క్ కరెంటుకి కింద సెట్ చేశాను. ఫ్లాష్ ఒక్కటే ఇస్తే కదల్లేదు, కరెంటు ఒక్కటే ఇంజెక్ట్ చేసినా కదల్లేదు, రెండూ కలిపితే వెంటనే ట్రిప్.

జనరేటర్ మీద నడిచేటప్పుడు ఫాల్ట్ కరెంటు (షార్ట్ అయినప్పుడు పారే కరెంటు) బాగా తక్కువ, అక్కడ ఇదే సెట్టింగ్ సరిపోతుందని నేను చెప్పలేను, మీ ప్యానెల్‌కి లెక్క వేయించుకోండి.