పైకి విసిరిన రాయి: చలన సమీకరణాలను వాడే పద్ధతి

సమత్వరణ చలనం (త్వరణం మారకుండా ఉండే చలనం) మీద లెక్క ఇవ్వగానే సూత్రం కోసం తడుముకోవడం విద్యార్థులలో తరచూ కనిపించే అలవాటు. అంతకంటే ముందు, ఏ దిశను ధనాత్మకంగా తీసుకుంటున్నారో కాగితం మీద బాణం గీసి నిర్ణయించుకోవాలి. నేను దిద్దిన తప్పులలో ఎక్కువ భాగం ఈ బాణం గీయకపోవడం వల్ల వచ్చినవే.

తరువాత తొలివేగం, తుదివేగం, త్వరణం, కాలం, స్థానభ్రంశం (బయలుదేరిన చోటు నుంచి చేరిన చోటికి దిశతో కూడిన దూరం) అనే ఐదు రాశులను ఒకదాని కింద ఒకటి రాసి, తెలిసిన విలువలను ధన, రుణ గుర్తులతో సహా వేసి, కనుక్కోవలసినదాని పక్కన ప్రశ్నార్థకం పెట్టాలి. లెక్కలో ఇవ్వనిదీ అడగనిదీ అయిన రాశి ఏదో చూసి, అది లేని సమీకరణాన్ని ఎంచుకోవాలి.

25 మీటర్ల ఎత్తున్న మేడ అంచు నుంచి ఒక రాయిని సెకనుకు 20 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరితే, అది ఎంతసేపటికి నేలను తాకుతుంది? పై దిశను ధనాత్మకం అనుకుందాం. గాలి నిరోధాన్ని వదిలేద్దాం. తొలివేగం +20. గురుత్వ త్వరణాన్ని 10గా తీసుకుంటే, రాయి పైకి వెళ్తున్నా కిందికి వస్తున్నా అది −10 మాత్రమే. శిఖర బిందువు వద్ద సున్నా అయ్యేది వేగమే కానీ త్వరణం కాదు. రాయి చివరికి చేరేది విసిరిన చోటికి 25 మీటర్లు దిగువన కనుక స్థానభ్రంశం −25. తుదివేగం ఇవ్వలేదు, అడగలేదు. కాబట్టి స్థానభ్రంశం = తొలివేగం × కాలం + ½ × త్వరణం × కాలవర్గం అనే సమీకరణాన్ని వాడాలి.

−25 = 20 × కాలం − 5 × కాలవర్గం

5తో భాగించి సర్దితే, కాలవర్గం − 4 × కాలం − 5 = 0. దీని మూలాలు 5, −1. జవాబు 5 సెకన్లు. ప్రయాణాన్ని ఎక్కడం, దిగడం అని రెండు ముక్కలు చేయనవసరం లేకపోయింది, ఎందుకంటే ఆ పనిని గుర్తులే చేసిపెట్టాయి.

−1ని కొట్టివేసే ముందు ఒక్క క్షణం ఆగి చూడండి. తుదివేగం = తొలివేగం + త్వరణం × కాలం అన్న సమీకరణంలో −1 వేస్తే +30, 5 వేస్తే −30 వస్తాయి. అంటే రాయిని మేడ మీద నుంచి కాక, ఒక సెకను ముందే నేల మీద నుంచి 30 మీటర్ల వేగంతో విసిరి ఉంటే, అది మేడ అంచును సరిగ్గా 20 మీటర్ల వేగంతో దాటి, ఆపైన ఇదే దారిలో ప్రయాణించి, నేలను మళ్లీ అదే 30 మీటర్ల వేగంతో తాకేది.