మోర్మన్ స్త్రీవాదం మీద సెమినార్ చెప్పాల్సి వస్తే

సెమినార్ల టైమొస్తే చాలు, ఎవరో ఒక ఎం.ఏ. పిల్ల ఫోన్ చేస్తుంది. "అక్కా, స్త్రీ-మతం అని టాపిక్ ఇచ్చినారు, నా చీటీలో మోర్మన్లు వచ్చినారు, యాడ మొదలుపెట్టాలో తెలీడంలే" అని. ఒక్కొక్కరికీ చెప్పి చెప్పి గొంతు పోతోంది, అందుకే ఇక్కడ రాసేస్తున్నా. మోర్మన్లంటే అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ సంఘం వాళ్లు.

ముందు చేయకూడనిది చెప్తా, ఎందుకంటే అది నేను చేశాను. నా మొదటి సెమినార్‌ని బహుభార్యత్వంతో ఎత్తుకున్నా. అంతే, వెనక బెంచీల్లో నవ్వులు, ప్రశ్నలన్నీ దాని మీదే, నేను రాసుకొచ్చిన పద్నాలుగు పేజీల్లో రెండు కూడా కదల్లేదు. సంఘం 1890లోనే దాన్ని ఆపుతున్నామని ప్రకటించింది అని ఒక్క వాక్యం చెప్పి పక్కన పెట్టేయండి. చివర్లో ఒకచోట మళ్లీ పనికొస్తుంది.

రక్షణతో మొదలుపెట్టండి. మనూళ్లో చర్చికి వెళ్లే ఫ్రెండ్స్‌ని అడిగితే రక్షణ అంటే మనిషికీ దేవుడికీ మధ్య సంగతి అంటారు. 1830లో జోసెఫ్ స్మిత్ న్యూయార్క్ రాష్ట్రంలో స్థాపించిన ఈ సంఘంలో మాత్రం పరలోకంలో అన్నిటికన్నా పై మెట్టు ఎక్కాలంటే పెళ్లి కావాలి, అదీ చావుతో తెగిపోని విధంగా వాళ్ల దేవాలయంలో ముద్ర వేసిన పెళ్లి. ఆ మెట్టు మగవాడు ఒక్కడే ఎక్కలేడు, ఆడమనిషి ఒక్కతే ఎక్కలేదు. అంటే ఇక్కడ ఆడ-మగ అనేది ఈ లోకంతో అయిపోయే విషయం కాదు. 1995లో సంఘం కుటుంబం మీద ఇచ్చిన ప్రకటన కూడా అదే అంటుంది. అందులో ఒక పేరా ఉంది: తండ్రి ఇంటికి పెద్దగా ఉండి నడిపించాలి, పిల్లల పెంపకం ముఖ్యంగా తల్లిది, ఇద్దరూ సమాన భాగస్వాములు. మూడూ ఒకే పేరాలో! దాన్ని బోర్డు మీద రాసి, ఏమీ చెప్పకుండా ఒక నిమిషం ఊరుకోండి, క్లాసే మాట్లాడుతుంది.

తర్వాత పరలోక తల్లి. దేవుడు తండ్రి అయితే పక్కన తల్లి కూడా ఉండాలి కదా అని ఎలైజా స్నో అనే కవయిత్రి 1845లో కవితలో రాసింది, అది వాళ్ల కీర్తన అయింది, సంఘం నమ్మకాల్లోనూ ఉంది. ఇది మా అవ్వకి చెప్తే, తిరుచానూరుకి పోవడానికి పూలు కట్టుకుంటా, తలెత్తకుండానే, "అమ్మ లేకుండా అయ్య ఎట్లుంటాడు, దీనికి పుస్తకాలు చదవాల్నా?" అంది. సరే అవ్వా, కానీ ఆ అమ్మకి ప్రార్థన చేయడం సరికాదని 1991లో సంఘం పెద్దల్లో ఒకరైన గోర్డన్ హింక్లీ చెప్పాడు అన్నా. అప్పుడు దారం వదిలేసి నా వైపు చూసింది. "ఉందంటారు, మొక్కొద్దంటారా? మరి ఉండేం లాభం?" మోర్మన్ స్త్రీవాదులు ఏళ్ల తరబడి అడుగుతున్నది సరిగ్గా ఇదే. అయితే ఇక్కడ మురిసిపోయి "మనకైతే అమ్మవారు ఉంది" అని డైలాగ్ కొట్టకండి. గుళ్లో అమ్మ ఉన్నంత మాత్రాన గర్భగుడి తాళం ఆడవాళ్ల చేతికి రాలేదని మన ఊరివాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు.

తాళం అన్నాను కాబట్టి అసలు విషయానికి వద్దాం, మీ టైమంతా దీనికే పెట్టండి. 1842 మార్చి 17న ఇల్లినాయ్ రాష్ట్రం నావూ ఊళ్లో, జోసెఫ్ స్మిత్ దుకాణం మేడ మీద గదిలో, 20 మంది ఆడవాళ్లు కూడి రిలీఫ్ సొసైటీ అనే ఆడవాళ్ల సంస్థ పెట్టుకున్నారు. అధ్యక్షురాలు ఆయన భార్య ఎమ్మా, మినిట్స్ రాసింది పైన చెప్పిన ఎలైజా స్నోనే. ఏప్రిల్ 28 నాటి మినిట్స్‌లో జోసెఫ్ వాళ్లతో, దేవుని పేరిట తాళంచెవి మీకు ఇస్తున్నాను అన్నట్టు ఉంది. తాళంచెవి అంటే వాళ్ల మాటల్లో అధికారం. తర్వాత సంఘం అధికారిక చరిత్రలోకి ఎక్కించినప్పుడు అది "మీ తరఫున తాళంచెవి తిప్పుతున్నాను" అయి కూర్చుంది. మీకు ఇస్తున్నాను, మీ తరఫున తిప్పుతున్నాను: ఈ రెంటికీ మధ్య ఎంత దూరమో, బీరువా తాళం అత్త బొడ్లో ఉండే ఇంట్లో కాపురం చేసిన ఏ కోడలినైనా అడగండి. ఆ సంఘంలో మగపిల్లాడికి 12 ఏళ్లు నిండే ఏడాదిలోనే యాజకత్వంలో, అంటే దేవుని పేరిట కర్మకాండలు జరిపే అధికారంలో, మొదటి మెట్టు దొరుకుతుంది, అరవై ఏళ్ల ఆడమనిషికి ఏ మెట్టూ లేదు. కానీ దేవాలయం లోపల ఆడవాళ్లకి చేసే కొన్ని కర్మకాండలు ఆడవాళ్లే చేస్తారు. అది ఏ అధికారంతో అన్నదే స్త్రీవాదులు గట్టిగా పట్టుకునే కొస.

పోలిక కావాలంటే తరిగొండ వెంగమాంబని తెచ్చుకోండి. ఏ పదవీ లేని వితంతువు, అయినా ఏకాంత సేవలో ఆమె పేరిట ముత్యాల హారతి ఇప్పటికీ నడుస్తోంది. గౌరవం వేరు, అధికారం వేరు అని వివరించడానికి మన జిల్లాలో ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

మనుషుల పేర్లు తక్కువ చాలు. అమెరికా రాజ్యాంగంలో స్త్రీ సమానత్వ సవరణ కోసం పోరాడిన సోనియా జాన్సన్‌ని 1979లో వెలివేశారు, ఆడవాళ్లకి యాజకత్వం ఇవ్వాలని ఉద్యమం పెట్టిన కేట్ కెల్లీని 2014లో. వాళ్లని మతం వద్దన్నవాళ్లుగా మాత్రం చూపించకండి. వాళ్ల వాదనలో బలమంతా సంఘం సొంత పుస్తకాల నుంచే వస్తుంది. నల్లజాతి మగవాళ్లకి లేదన్న యాజకత్వం 1978లో కొత్త ప్రకటనతో వచ్చింది కదా, మరి మాకెందుకు రాకూడదు అన్నది అందులో ఒకటి.

పక్కన పెట్టిన బహుభార్యత్వం ఇప్పుడు తీయండి. భార్య పోతే మగవాడు ఇంకొకామెతో కూడా నిత్యపు ముద్ర వేయించుకోవచ్చు. భర్త పోయిన ఆడది బతికుండగా, మొదటి ముద్ర రద్దు కాకుండా ఇంకొకరితో వేయించుకోలేదు. అంటే పరలోకంలో లెక్క ఇంకా తేలలేదన్నమాట.

ప్రశ్నల టైమ్‌లో "ఇప్పుడైనా ఇచ్చారా?" అని తప్పకుండా అడుగుతారు. యాజకత్వం ఇవ్వలేదు, 2019 నుంచి బాప్తిస్మాలకి ఆడవాళ్లు సాక్షులుగా నిలబడొచ్చు అని చెప్పండి. మీకు ఇరవై నిమిషాలిస్తే పది తాళంచెవికి, అయిదు పరలోక తల్లికి, మిగతాదంతా అయిదులో సర్దేయండి. తాళంచెవి గురించిన ఆ రెండు వాక్యాలూ ఒకదాని కింద ఒకటి పెద్ద అక్షరాల్లో జిరాక్స్ తీయించి పంచండి, ప్రొజెక్టర్‌ని మాత్రం నమ్ముకోవద్దు.