పచ్చడి రోలు: కొనేటప్పుడు, పదును చేసేటప్పుడు, దంచేటప్పుడు

పోయిన సంక్రాంతికి మా కోడలు డల్లాస్ నుంచి వీడియో కాల్ చేసి, వంటగట్టు మీద మూడు కాళ్ళున్న నల్లరాతి గిన్నె ఒకటి చూపించింది. అక్కడి మెక్సికన్ కొట్లో కొన్నదట. పేరు మోల్కహేతే. "అత్తయ్యా, మన రోలులాగే ఉంది కదా అని తెచ్చాను. కడిగినకొద్దీ బూడిదరంగు నీళ్ళు వస్తూనే ఉన్నాయి. ఇంకా ఎన్నిసార్లు కడగాలి?" అని అడిగింది. కడిగితే పోదమ్మా, పిడికెడు బియ్యం పోసి నూరు అన్నాను. తర్వాత తెలిసింది, మెక్సికో వాళ్ళూ అంతే చేస్తారట. స్పెయిన్ వాళ్ళు అడుగుపెట్టక ముందు నుంచీ వాళ్ళ ఇళ్ళలో ఉన్న రాయి అది. అగ్నిపర్వతపు రాయితో చేస్తారు, కొత్తదాన్ని పచ్చిబియ్యం నూరే పదును చేస్తారు. ఆ మాట విన్నాక నాకు ఆ ఊరుకాని ఊరి ఆడవాళ్ళ మీద ఆపేక్ష కలిగింది.

ఆ రోజు ఫోన్లో అరగంట చెప్పినవీ, అప్పుడు గుర్తురానివీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

తెలుగులో దంచడం, నూరడం, రుబ్బడం, విసరడం నాలుగూ వేరు వేరు పనులు. పొన్నూరు దగ్గర మా నాయనమ్మ ఇంట్లో వేటి రాళ్ళు వాటికుండేవి. వసారాలో నేలలోకి పాతిన పెద్ద రోలు వడ్లకూ, పసుపు కొమ్ములకూ, కారానికీ. దానికి నిలువెత్తు రోకలి, రోకలి అడుగున పొన్ను, అంటే ఇనప కట్టు. పోటుకు గింజలు చెదిరిపోకుండా రోటి మీద కుందెన పెట్టేవాళ్ళు. మినప్పిండికి రుబ్బురోలు, అందులో తిరిగే పొత్రం. కందులూ పెసలూ పప్పు చేయడానికి తిరగలి, తెలంగాణలో విసుర్రాయి అంటారు. మసాలా మెత్తగా నూరడానికి సన్నికల్లు. ఇవన్నీ కాక వంటింటి గుమ్మం పక్కన చిన్న పచ్చడి రోలు, గుప్పిట్లో పట్టే బండ. నేను చెప్పబోయేది ఈ చివరిదాని గురించే.

రోలు ఎంత పాతదంటే, ఋగ్వేదం మొదటి మండలంలో 28వ సూక్తంలో దాన్ని పేరు పెట్టి పిలుస్తారు. ఇంటింటా నిన్ను వాడుతున్నా సరే, ఇక్కడ మాత్రం గెలిచినవాళ్ళ దుందుభిలా మోగు అని అడుగుతారు. రోటి చప్పుడు డప్పులా వినిపించిందన్నమాట అప్పటివాళ్ళకి కూడా. మన సామెతలో రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నది కూడా అందుకే అనిపిస్తుంది నాకు. దానికి ఒకవైపే దెబ్బలు, మద్దెలకు రెండువైపులా. బళ్ళారి దగ్గర సంగనకల్లు గుట్టల మీద కొత్తరాతియుగం మనుషులు గొడ్డళ్ళు అరగదీసిన గాడులు, గింజలు నూరిన గుంటలు ఇప్పటికీ బండల మీద ఉన్నాయి. పోతన భాగవతం దశమ స్కంధంలో యశోద కృష్ణుణ్ణి కట్టేసింది రోటికే, ఆ రోటిని ఈడ్చుకుంటూ వెళ్ళే రెండు మద్దిచెట్లను కూల్చాడు. యాదవుల వంశం అంతమైంది కూడా రోకలితోనే. పార్టీలో గొడవ మొదలైందని రాయడానికి పేపర్ల వాళ్ళు నేటికీ "ముసలం పుట్టింది" అంటారు, ముసలం అంటే రోకలే. పెళ్ళిపనులు మొదలుపెట్టేటప్పుడు ముత్తయిదువలు రోలుకూ రోకలికీ పసుపు రాసి, తోరం కట్టి, పసుపు కొమ్ములు దంచుతారు. వడ్లు దంచేటప్పుడు "సువ్వీ సువ్వీ" అని పాడుకోవడం ఊరికే సరదాకి కాదు. ఒకే రోట్లో ఇద్దరు ముగ్గురు వంతుల మీద పోటు వేస్తుంటే, పాట తప్పితే రోకలికి రోకలి తగులుతుంది.

రైస్ మిల్లు వచ్చాక పెద్ద రోలు పక్కకు జరిగింది. కోయంబత్తూరు గ్రైండర్ వచ్చాక రుబ్బురోలు పెరట్లోకి వెళ్ళింది. దాని మీద నాకేమీ పేచీ లేదు, గ్రైండర్‌లోనూ రాయి మీద రాయే తిరుగుతుంది, ఇడ్లీ బాగానే వస్తుంది. పచ్చడి మిక్సీలోకి వెళ్ళడం దగ్గరే నా బాధ. బ్లేడు కోస్తుంది, బండ నలుపుతుంది. వెల్లుల్లి ఘాటు రెబ్బలో ముందే సిద్ధంగా ఉండదు, లోపలి కణాలు చితికినప్పుడు పుడుతుంది. పైగా మిక్సీ తిరగాలంటే నీళ్ళు పోయాలి, నీళ్ళు పోస్తే పచ్చడి పలచనవుతుంది. అన్నిటికంటే ముఖ్యం, మిక్సీకి మూత ఉంటుంది. పచ్చడి ఎక్కడిదాకా వచ్చిందో కనపడదు. రోట్లో ప్రతి పోటుకూ కనపడుతుంది, ఎక్కడ ఆపాలో చెయ్యి చెబుతుంది.

ముందు కొనడం. నేను కాపురానికొచ్చిన కొత్తలో, ఒక యాత్రకు వెళ్ళినప్పుడు దారి పక్కన ముచ్చటగా నల్లగా నిగనిగలాడుతున్న రోలు కొన్నాను. నెల తిరగకుండా పచ్చడిలో ఇసుక తగలడం మొదలైంది. ఒకరోజు మా మామగారు ముద్ద నోట్లో పెట్టుకుని, ఏమీ అనకుండా లేచి వెళ్ళి ఉమ్మి వచ్చారు. ఆయన ఒక్క మాట అని ఉంటే నాకు అంత కష్టం కలిగేది కాదు. అది మెత్తరాయి, పైన నల్లరంగు పూశారు. అప్పటినుంచీ ఎక్కడ రోలు చూసినా ముందు తడి తెల్లగుడ్డతో లోపల గట్టిగా తుడుస్తాను. నలుపు అంటితే వదిలేయండి. ఆ తర్వాత తాళంచెవితో అడుగున గీకండి. తెల్లగా పొడి రాలితే అది సుద్దలాంటి రాయి, దేవుడి గదిలో దీపం కింద పెట్టుకోవడానికి పనికొస్తుందేమో గానీ దంచడానికి కాదు. గ్రానైట్ అయితే తాళంచెవే అరిగి దాని గీత రాయి మీద పడుతుంది. బండతో అంచు మీద చిన్నగా కొడితే ఖంగుమనాలి. పగిలిన కుండలాంటి చప్పుడు వస్తే ఎక్కడో పగులుంది.

నలుగురున్న ఇంటికి లోపలి వెడల్పు 6 అంగుళాలు, లోతు 4 అంగుళాలు ఉంటే చాలు. లోతు తక్కువైతే మిరపగింజలు కళ్ళలోకి ఎగురుతాయి. బండ అడుగు వంపూ, రోటి అడుగు వంపూ ఒకదానికొకటి సరిపోవాలి, అక్కడే అందరూ పొరపాటు పడతారు. ఖాళీ రోట్లో బండ పెట్టి తిప్పి చూడండి. చుట్టూ సమంగా ఆనుతుంటే మంచిది. మధ్యలో ఒక్కచోటే ఆనితే ఎంత నూరినా పక్కన పప్పు పప్పులాగే ఉంటుంది.

ఇంటికి తెచ్చాక కొబ్బరి పీచుతో రుద్ది, ఒక రాత్రంతా నీళ్ళలో ఉంచండి. సబ్బు వద్దు, లోపల ఉలితో కొట్టిన గాట్లలో నిలిచిపోతుంది. పొద్దున పిడికెడు పచ్చిబియ్యం, రెండు చెంచాల నీళ్ళు వేసి, అడుగే కాకుండా అంచుల దాకా నూరండి. పిండి బూడిదరంగులో వస్తుంది. పారేసి, కడిగి, మళ్ళీ వేయండి. నా ఇప్పటి రోలుకు ఆరు సార్లు పట్టింది. పిండి తెల్లగా వచ్చేదాకా ఆపకండి. ఆఖరున రాళ్ళ ఉప్పు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, రెండు ఎండుమిరపకాయలు నూరి అదీ పారేయండి. మరుసటి రోజు నుంచి వాడుకోవచ్చు. ఖాళీ రోట్లో దంచకూడదు అని పెద్దవాళ్ళు అరిష్టం పేరు చెప్పి ఆపేవాళ్ళు. రాయి మీద రాయి నేరుగా పడితే పెచ్చు లేస్తుంది, ఆ పెచ్చు తర్వాత పంటి కిందకే వస్తుంది.

ఇప్పుడు దోసకాయ పచ్చడి. రోలు విలువ ఇందులో తెలిసినంతగా మరెందులోనూ తెలియదు.

పావుకిలో పైచిలుకు పండు దోసకాయ తీసుకుని, ముందు ఒక ముక్క కోసి నోట్లో వేసుకోండి. చేదైతే ఇంకోటి తీసుకోండి. తొక్క తీసి చిన్న ముక్కలు చేసి పక్కన పెట్టండి, ఉడికించకూడదు. చెంచాడు నూనెలో రెండు చెంచాల మినప్పప్పు, అర చెంచా ఆవాలు, పది మెంతిగింజలు, ఆరు ఎండుమిరపకాయలు, చిటికెడు ఇంగువ వేయించండి. దింపే ముందు నాలుగు పచ్చిమిరపకాయలు వేసి మగ్గించి, అవి విడిగా తీసి పెట్టండి. చిన్న ఉసిరికాయంత చింతపండు రెండు చెంచాల నీళ్ళలో తడిపి ఉంచండి.

పోపు పూర్తిగా చల్లారాలి. వేడిమీద ఎండుమిర్చి బండకింద సాగుతుంది, విరగదు. చల్లారాక ముందు ఎండుమిరపకాయలు, రాళ్ళ ఉప్పు మాత్రమే రోట్లో వేయండి. మెత్తని ఉప్పు వద్దు. రాళ్ళ ఉప్పు గరుకుకే మిరపకాయ తొక్క చిరుగుతుంది. ఒక చేత్తో రోటి మూతి కప్పినట్టు పట్టుకుని, బండను ఎత్తి వదలండి, బరువే పని చేస్తుంది, మనం బలం పెట్టనక్కర్లేదు. చప్పుడు మారుతుంది గమనించండి. మొదట టకటకమంటుంది, తొక్క నలిగేకొద్దీ మెత్తబడుతుంది. అప్పుడు పప్పు పోపు వేయండి. పప్పు రెండు మూడు ముక్కలైతే చాలు, పిండి కానివ్వకండి. ఇక్కడిదాకా రోట్లో తడి లేదు. తడి తగిలాక ఏదీ పొడిగా నలగదు, అందుకే పొడివన్నీ ముందు. తర్వాత చింతపండు, దంచడం ఆపి బండను అంచుల వెంట తిప్పుతూ నూరండి. తర్వాత పచ్చిమిర్చి, గుప్పెడు కొత్తిమీర. ఈపాటికి ముద్ద రోటికి అంటుకోకుండా బండతో కలిసి తిరుగుతుంటుంది.

చివరికి దోసకాయ ముక్కలు. సగం వేసి పది పోట్లు, అంతే. లెక్కపెట్టి వేయండి. ముక్క చిట్లి రసం ఊరి కారంలో కలవాలి. మిగతా సగం వేసి బండతో కాదు, చేత్తోనో గరిటెతోనో కలపండి. పచ్చడి గిన్నెలోకి తీశాక రోట్లో రెండు గరిటెల వేడన్నం, కాస్త నెయ్యి వేసి గాట్ల సందుల్లోంచి తుడిచినట్టు కలపండి. ఆ ముద్దలు పిల్లలకి.

ఇదే పద్ధతి కంది పచ్చడికీ, గోంగూరకీ. నువ్వుల విషయంలో మాత్రం జాగ్రత్త. నాగుల చవితికి చిమ్మిలి చేసేటప్పుడు పచ్చి నువ్వులు నలిగాకే బెల్లం వేయాలి. ముద్ద కట్టి, అరచేయి కొద్దిగా మెరిసిన క్షణంలో ఆపేయాలి. ఇంకో ఇరవై పోట్లు వేస్తే నూనె కారుతుంది.

అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళకి కింది ఫ్లాట్ వాళ్ళతో టెన్షన్ ఉంటుంది, నాకూ ఉండేది. రోలును గది నడుమ పెట్టకండి, రెండు గోడలు కలిసే మూలలో నేల మీద పెట్టండి. అడుగున నాలుగు మడతల గోనెసంచి, దాని మీద పాత యోగా మ్యాట్ ముక్క. వంటగట్టు మీద మాత్రం దంచవద్దు, గట్టు రాయి పగులుతుంది. దంచే భాగం మూడు నిమిషాలకు మించదు, మిగిలినదంతా నూరడమే, దానికి చప్పుడు లేదు.

వాడిన వెంటనే వేడినీళ్ళు పోసి పీచుతో రుద్ది బోర్లించండి. తడి ఆరకుండా మూత పెడితే ముక్కిన వాసన వస్తుంది.

ఏళ్ళు గడిచేకొద్దీ లోపలి గాట్లు అరిగి నున్నబడతాయి. మిరపగింజలు నలగకుండా బండకింద జారిపోతుంటే గాట్లు పెట్టించే వేళ అయిందని అర్థం. ఉలీ సుత్తీ పట్టుకుని వీధుల్లో తిరిగేవాళ్ళు ఇప్పుడు తగ్గారు, రోళ్ళు అమ్మేచోట అడిగితే ఎవరో ఒకరు దొరుకుతారు. పని జరుగుతున్నప్పుడు దగ్గర నిలబడి, అడుగున గాట్లు దగ్గర దగ్గరగా, అంచుల వైపు ఎడంగా పెట్టమని చెప్పండి. బండ అడుగుకూ పెట్టించండి, చాలామంది మర్చిపోతారు. ఆ రోజు పచ్చడి పెట్టుకోకండి. మళ్ళీ పిడికెడు బియ్యం పోసి, పిండి తెల్లగా వచ్చేదాకా నూరి పారేయాలి.