మిద్దె నీళ్లను గుంతలోకి మళ్లించాను

మా అనంతపురంలో వాన తక్కువ, ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్లు. ఆ కాస్తా ఒక్కోసారి గంటలోనే దంచి కొడుతుంది. మా మిద్దె 100 చదరపు మీటర్లు. సెంటీమీటరు వాన పడితే 1000 లీటర్లు. అదంతా పైపులోంచి వీధిలోకి పోయి ఎదురింటి పెద్దమ్మ గుమ్మం ముందు మడుగు కట్టేది. ఆమె ఏమీ అనకపోయినా, మబ్బు పడితే చాలు, నాకు టెన్షన్.

పునాదికి పదడుగుల దూరంలో గుంత తీసి, పైపును అందులోకి తిప్పాను. మొదటి వాన నీళ్లు మూడు రోజులు నిలిచిపోయాయి. తవ్వి చూస్తే కింద ఇల్లు కట్టినప్పటి సిమెంటు పెళ్లలు, దిమ్మిస కొట్టినట్టు గట్టిపడిన మట్టి. ముందే అడుగు లోతు గుంత తీసి, రెండుసార్లు నీళ్లు నింపి, రెండోసారివి ఒక్క రోజులో ఇంకుతాయో లేదో చూసుకోవాల్సింది. మీరు మాత్రం ఇది తప్పకుండా చేయండి.

రెండడుగుల మేర ఆ మట్టి తీసేసి ఇసుక, ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి నింపాను. పైన అరడుగు పల్లం వదిలాను. నీళ్లు పడే చోట గులకరాళ్లు పరిచాను, లేకపోతే మట్టి కోసుకుపోతుంది. మధ్యలో వట్టివేరు, మెట్టతామర, అంచున గరిక. ఎండాకాలం వట్టివేరు తట్టుకుంది, మెట్టతామరకు నీళ్లు పోయాల్సి వచ్చింది. గుంత నిండితే పొర్లడానికి కాలువ వైపు చిన్న గండి పెట్టాను.

ఇప్పుడు మరుసటి రోజుకల్లా నీళ్లు ఇంకిపోతున్నాయి, దోమలు పెరిగేంత సమయమే లేదు. మొన్న పెద్దమ్మ వచ్చి, "మాకూ ఒకటి తీసిస్తావా నాయనా?" అనడిగింది. ఆదివారం పార, గడ్డపార తీసుకుని వెళ్తున్నాను.