ఫ్లెచర్ డిస్ట్రాయర్ మోడల్: ఆయుధాలు తేదీకి సరిపోయేలా ఎలా అమర్చాలి?

ఫ్లెచర్ అంటే రెండో ప్రపంచ యుద్ధకాలపు అమెరికా నౌకాదళ డిస్ట్రాయర్ల తరగతి. ఆ పేరుతోనే అందులో ఒక ఓడ కూడా ఉంది.

కావలసినవి: కిట్, నిప్పర్, సన్నటి ఆకురాయి, ట్వీజర్, పల్చటి జిగురు, ప్రైమర్. కిట్ 1/350 స్కేలుదే తీసుకోండి. 114.8 మీటర్ల ఓడ అందులో 33 సెంటీమీటర్లు వస్తుంది. 1/700లో 20 మి.మీ. తుపాకులు కంటికే ఆనవు.

హల్ (ఓడ అడుగు భాగం) అతికించి, డెక్ కూర్చి, రాత్రంతా ఆరనివ్వండి. 5 అంగుళాల ఫిరంగులు ఐదు: ముందు రెండు, వెనక మూడు. యుద్ధకాలమంతా దాదాపు అన్ని ఓడల్లో ఇవి ఇలాగే ఉన్నాయి, బెంగ లేదు.

ఇక జిగురు పక్కన పెట్టండి. ఏ ఓడ, ఏ ఏడాది, ఏ నెల? ఇది తేల్చకుండా విమాన విధ్వంసక తుపాకులు ముట్టుకోవద్దు. పెట్టెలో ఉన్నవన్నీ అతికించేసి, 1942లో ఎన్నడూ లేని ఓడను తయారు చేస్తున్నవాళ్లే ఎక్కువ.

ముందు బ్రిడ్జి, అంటే ఓడను నడిపే కట్టడం చూడండి. ఫ్లెచర్, ఓబానన్ లాంటి తొలి ఓడలకు ముందు వైపు గుండ్రంగా, ఎత్తుగా ఉంటుంది. తర్వాతివాటికి పైబరువు తగ్గించడానికి బ్రిడ్జి కిందికి దించి, చదరంగా కట్టారు. ఫ్లెచర్ తుపాకుల కథ అంతా ఈ పైబరువు కథే. పైన ఒకటి పెంచాలంటే ఇంకోటి తగ్గాలి.

మొదటి డిజైన్‌లో వెనక 53, 54 నంబర్ల (ముందు నుంచి మూడో, నాలుగో) ఫిరంగుల మధ్య నాలుగు గొట్టాల 1.1 అంగుళాల తుపాకీ ఒకటే ఉండేది. దాని చోటులోకి 40 మి.మీ. జంట బోఫోర్స్ (రెండు గొట్టాల విమాన విధ్వంసక తుపాకీ) వచ్చింది. 1943 మధ్య నుంచి ఐదు జంటలు: బ్రిడ్జి ముందు రెండు, వెనక చిమ్నీకి ఇరుపక్కలా రెండు, పాత చోట ఒకటి. 1945లో ఆత్మాహుతి విమానాల బెడద ముదిరేసరికి కొన్ని ఓడల్లో ముందరి ఐదు గొట్టాల టార్పిడో మౌంట్ పీకేశారు. చిమ్నీ పక్కల ఉన్న జంటల బదులు నాలుగు గొట్టాల (క్వాడ్) బోఫోర్స్ రెండు పెట్టారు. అంటే క్వాడ్ బోఫోర్స్ పెడితే మీ మోడల్‌కు టార్పిడో మౌంట్ ఒక్కటే ఉండాలి. క్వాడ్లూ పెట్టి, పది గొట్టాలూ ఉంచితే ఆ ఓడ అబద్ధం.

అమెరికాలోని బేటన్ రూజ్‌లో మ్యూజియంగా ఉంచిన ఫ్లెచర్ తరగతి ఓడ ‘కిడ్’ ఫొటోలు పట్టుకుని 1943 మోడల్ చేయవద్దు. దాన్ని 1945 రూపంలో నిలిపారు. మీరు ఎంచుకున్న నెలకు దగ్గరి పాత ఫొటోలే వెతకండి. ఇంటర్నెట్‌లో ఇతరుల మోడళ్లు చూసి చేసే పద్ధతి పనికిరాదు, ఒకరి తప్పు పదిమందికి పాకుతుంది.

ఓడ, నెల తేల్చుకున్నాక తుపాకులు విడిగా రంగు వేసి, అన్నిటికంటే చివర అతికించండి. డెక్‌కు నీలమే వేయాలి, చెక్క రంగు కాదు. అది ఉక్కు డెక్. రెయిలింగ్ ఆ తర్వాతే.